‘బిందె’కు బదిలీ

మద్దిలేటి సారు ముప్ఫై ఏళ్ళలో ఏడు కథలు రాశాడు. మొదటి ఆరింటి సంగతి ఎవరైనా ఎత్తితే ఆయనే మాట మార్చేవాడు. ఏడోది ‘బిందె’. ఆ కథంటే మాత్రం ఆయనకు ప్రాణం.

చిన్నగుండాల ఉన్నత పాఠశాలలో ఆయన తెలుగు పండితుడు. ఆ ఊళ్ళో బోరు వేస్తే ముందు దుమ్ము వస్తుంది, తరువాత కూడా దుమ్మే వస్తుంది. వారానికి రెండుసార్లు ఖాసింపీరా అనే డ్రైవరు ట్యాంకరులో నీళ్ళు తెస్తాడు. ఆ రెండు పూటలూ ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. ‘బిందె’ అక్కడే పుట్టింది. ఇద్దరు తోడికోడళ్ళు ట్యాంకరు దగ్గర చివరి బిందె నీళ్ళకోసం మాటా మాటా అనుకుని, పదకొండేళ్ళు మాట్లాడుకోరు. చిన్నకోడలు జబ్బుపడి మంచాన ఉన్న రోజున పెద్దకోడలు నిండు బిందె తెచ్చి ఆమె గడప ముందు దించి, పలకరించకుండానే వెళ్ళిపోతుంది. అంతే కథ. భర్త రాతలను ఎన్నడూ మెచ్చుకోని సుంకులమ్మ కూడా అది చదివి కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ కథను ఎనిమిదో తరగతి తెలుగు వాచకానికి ఎంపిక చేశామని ఉత్తరం వచ్చిన రోజు ఆయన బడికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పది రోజులకు ఇంకో ఉత్తరం వచ్చింది. దాన్ని రాష్ట్ర పాఠ్యకథా స్థల సమతౌల్య మండలి అనే కార్యాలయం పంపింది. అలాంటి కార్యాలయం ఒకటి ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ‘విషయము: పాఠ్యకథలు – స్థల సమతౌల్యము – బిందె అను కథను ప్రస్తుత స్థలము నుండి బదిలీ చేయుట – గురించి’ అని మొదలై నాలుగు పేజీలు సాగింది.

సారాంశం ఇది. మండలి వారు వాచకాల్లో ఉన్న కథలన్నిటినీ లెక్క తీశారు. కరువు కథలన్నీ సీమలోనే జరుగుతున్నాయి. తుఫాను కథలన్నీ తీరంలోనే, పులి కథలన్నీ మన్యంలోనే జరుగుతున్నాయి. ఒకే ప్రాంతము ఒకే కష్టమును దీర్ఘకాలముగా అనుభవించుట సామాజిక న్యాయమునకు విరుద్ధమని మండలి భావించింది. కనుక రాసిన నాటినుంచి ఒకేచోట అయిదేళ్ళ సర్వీసు నిండిన ప్రతి కథనూ మరో చోటికి బదిలీ చేస్తారు. రచయితలు స్వయంగా కౌన్సెలింగుకు హాజరు కావాలి.

మద్దిలేటి హాజరయ్యాడు. పెద్ద హాల్లో రచయితలు సీరియల్ నంబర్లు పట్టుకుని కూర్చున్నారు. గోడమీద తెరపై ఖాళీగా ఉన్న ఊళ్ళ పేర్లు వస్తున్నాయి. ఆయన కళ్ళముందే ఒక పులి కథ జిల్లా కేంద్రంలోని బస్టాండుకు వెళ్ళింది. తుఫాను వరదలో చిక్కుకున్న జాలరుల కథ ఒకటి మెట్ట ప్రాంతంలో ఏదో ఊరికి వెళ్ళింది. దాన్ని రాసినాయన ఏడుపు మొహంతో సంతకం పెట్టాడు. ఒకావిడ మాత్రం తన కథానాయిక భర్త అదే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడని రుజువు చూపి, దంపతుల కోటాలో బదిలీ తప్పించుకుంది.

ఆయన వంతు వచ్చేసరికి తెరమీద ఒకే ఊరు మిగిలింది. గోదావరి డెల్టాలోని కొత్తలంక.

బల్ల వెనకాల ఉపసంచాలకులు భావనారాయణ గారు కూర్చున్నారు. ఆయన మనిషి మెత్తనివాడే గాని, ఫైళ్ళ మధ్య ఎక్కువకాలం ఉండడంవల్ల మాట కూడా ఫైలులాగే అయిపోయింది. మద్దిలేటి తన సందేహం చెప్పుకున్నాడు. కొత్తలంక చుట్టూ కాలువలు ఉంటాయని, ట్యాంకరు అక్కడికి ఎందుకొస్తుందో తనకు తోచడం లేదని అన్నాడు.

“బదిలీ స్థలమునకు మాత్రమే పండితులవారూ. పాత్రలు, సంఘర్షణ, సందేశము యథాతథము. ఒక ఊరి పేరు కొట్టివేసి, ఇంకొక ఊరి పేరు వ్రాయుడు.”

“ఆడ నీళ్ళుంటాయి కదా సార్.”

“ఉండనివ్వండి. మండలికి అభ్యంతరము లేదు.”

ఇంటికొచ్చి మద్దిలేటి చిన్నగుండాలను కొట్టేసి కొత్తలంక అని రాశాడు. రెండో వాక్యంలోనే కథ ఆగిపోయింది. తోడికోడళ్ళు బిందెలతో రోడ్డు మీదికి రావాలంటే ముందు పెరటి వెనక కాలువను దాటాలి. కాలువను దాటాక ట్యాంకరు కోసం ఎదురుచూసే మనుషులను తెలివైన వాళ్ళుగా చూపించడం ఆయన వల్ల కాలేదు. కాలువలో మొసలిని పెట్టి చూశాడు. అప్పుడు నీళ్ళ గొడవ పోయి మొసలి గొడవ వచ్చింది. తోడికోడళ్ళకు కాలువంటే గిట్టదని రాసి చూశాడు. సుంకులమ్మ అది చదివి, వాళ్ళకు నీళ్ళు కాదు వైద్యం కావాలంది. ఊరు మారితే గొడవే మారిపోతోందని ఆయన మండలికి ఉత్తరం రాశాడు. సంఘర్షణ స్థలమును బట్టి మారునను వాదనకు నిబంధనలలో ఆధారము లేదని, రచయిత క్షేత్ర పరిశీలనకు కొత్తలంక వెళ్ళవలెనని జవాబు వచ్చింది.

కొత్తలంకలో ఆయనకు సత్యవేణి గారింట్లో బస ఏర్పాటు చేశారు. ఆమె ఒకప్పుడు పంచాయతీ మెంబరు. ఇంటికి ఎవరు వచ్చినా ముందు మంచినీళ్ళు, ఆ తరువాత తిండి, చివర్న వచ్చిన పని అడగడం ఆమె పద్ధతి. పక్కింటి మంగతాయారు ఆమెకు ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. రెండిళ్ళ మధ్య కంచెలో మనిషి పట్టేంత సందు ఉంది. దానిలోంచి రోజంతా కూరగిన్నెలు అటూ ఇటూ వెళుతుండేవి.

మద్దిలేటి ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి కథ చదివి వినిపించాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. అయ్యాక మంగతాయారు మొహమాటపడుతూ అడిగింది.

“బావుందండి. కానండీ, అంత పట్టింపుకి పోకపోతే ఇద్దరూ ఎల్లి కాలవలో ముంచుకోవచ్చు కదండీ?”

మరి మీ ఊళ్ళో నీళ్ళ గురించి గొడవలే రావా అని ఆయన అడిగాడు. ఎందుకు రావూ అన్నారు వాళ్ళు. వానాకాలంలో ఎవరి వాకిట్లో నీళ్ళు ఎవరి వాకిట్లోకి తోసేస్తారన్న దానిమీద తలలు పగిలిన సందర్భాలున్నాయట. నీళ్ళు వద్దని కొట్టుకునే మనుషులను ఆయన చూడడం అదే మొదలు. దానిమీద వేరే కథ రాస్తానని ఆ పూటే భావనారాయణ గారికి ఫోను చేశాడు. కుదరదన్నారు. ఎనిమిదో తరగతికి మంజూరైన సందేశం నీటి పొదుపు. నీళ్ళు ఎక్కువై జనం కొట్టుకుంటే పిల్లలు నీళ్ళు పారబోయడం నేర్చుకుంటారు.

మండలి అత్యవసరంగా సమావేశమై, కథ ఊరికి సరిపోనందున ఊరినే కథకు సరిచేయుటకు తీర్మానించింది. దానికి సంఘర్షణ సన్నాహక కార్యక్రమమని పేరు పెట్టింది. అన్ని శాఖలూ సహకరించాలని ఉత్తర్వులు వెళ్ళాయి. వారం తిరక్కముందే కొత్తలంక పంటకాలువ తూముకు షట్టరు దించి లక్క సీలు వేశారు. చేతిపంపులకు గోనెసంచులు చుట్టారు. నాట్లు పడ్డ చేలున్నాయని రైతులు మొత్తుకుంటే, కథలో చేల ప్రస్తావన లేదని చూపించారు. ఇక ట్యాంకరు కావాలి. డెల్టాలో ట్యాంకరు నడిపి, తిట్లు తిని అలవాటున్న డ్రైవరు ఎవరూ దొరకలేదు. అందుకని అనుభవజ్ఞుడైన ఖాసింపీరాను ట్యాంకరుతో సహా చిన్నగుండాల నుంచి డిప్యుటేషన్ మీద రప్పించారు.

ఖాసింపీరా రెండు రోజులు బండి తోలి వచ్చి, రోడ్డుకు రెండు పక్కలా ఉన్న పచ్చదనాన్ని చూసి బండి దిగలేదు. తప్పు ఊరికొచ్చాననుకున్నాడు. మద్దిలేటి వెళ్ళి కాదని నమ్మకంగా చెప్పాక దిగాడు. పక్క ఊళ్ళో అదే కాలువలో నీళ్ళు నింపుకుని ఈ ఊరికి తెచ్చి పోయడం అతని పని. ఎందుకని అతను అడగలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతను ఎందుకని ఎవరినీ అడగలేదు.

మర్నాడు సుంకులమ్మ ఫోను చేసింది.

“ఏమయ్యా, నీళ్ళ బండి రాల్యా. పడవ వచ్చినాది.”

మద్దిలేటికి అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. బిందె వెళ్ళిపోవడంతో చిన్నగుండాలలో ఒక ఖాళీ ఏర్పడింది. కౌన్సెలింగులో మెట్ట ఊరికి వెళ్ళిన ఆ జాలరుల కథనే మళ్ళీ కదిలించి ఇక్కడ వేశారు. మండలి వారు లారీలో పడవ దించి, ఊరందరికీ రబ్బరు చొక్కాలు పంచారు. ప్రతిరోజూ పదకొండింటికి మిద్దెలెక్కి తెల్లగుడ్డలు ఊపమంటున్నారు. రికార్డుల్లో ఇప్పుడు చిన్నగుండాల వరద ప్రాంతం కాబట్టి దానికి తాగునీటి ట్యాంకరు వర్తించదు.

“మరి వరద నీళ్ళన్నా ఏవి అంటే, పైనుంచి మంజూరు కావల్లంట,” అంది సుంకులమ్మ.

మూడు మైళ్ళు నడిచి నీళ్ళు మోస్తున్నామని కూడా చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఫోను పెట్టేశాక మద్దిలేటి ఆ పూట అన్నం తినలేకపోయాడు.

కొత్తలంకలో కార్యక్రమం మొదలైంది. ఎండిన కాలువలో నేల చదునుగా, చల్లగా ఉందని భావనారాయణ గారు అందులోనే షామియానా వేయించారు. కుర్చీలు, బల్ల, గోడ గడియారం, సంఘర్షణ నమోదు పత్రాలు అన్నీ అమరాయి. ట్యాంకరు గట్టుమీద ఆగింది. ఊరి ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. గొడవ మాత్రం రాలేదు. వాళ్ళు ఒకరి బిందె ఒకరు ఎత్తిపెట్టుకున్నారు, ఖాసింపీరాకు పెసరట్లు తెచ్చిపెట్టారు. ఇరవై ఏళ్ళుగా నీళ్ళు పోస్తున్నా ఒక్కరూ కాఫీ చుక్క ఇవ్వని ఖాసింపీరా, మూడో రోజుకు కాస్త ఒళ్ళు చేశాడు.

ప్రజలలో సంఘర్షణ పట్ల అవగాహన లోపించినదని భావనారాయణ గారు పైకి రాశారు. అవగాహన కలిగించే బాధ్యత రచయిత మీద పడింది. మద్దిలేటి సిగ్గుతో చస్తూ, కథలో పెద్దకోడలు అనే మాటలను ఆడవాళ్ళతో వల్లె వేయించాడు. వాళ్ళు బుద్ధిగా నేర్చుకున్నారు గాని, ఎంత చెప్పినా మర్యాద మాత్రం వదల్లేకపోయారు.

“నీయబ్బ సొమ్మా,” అని ఆయన అనగానే, “మీ అబ్బగారి సొమ్మా అండీ,” అని అందరూ కలిసి రాగం తీశారు.

నాలుగో రోజున, ఎవరూ ఊహించని వైపు నుంచి గొడవ వచ్చింది. వరసలో ముందు సత్యవేణి, మంగతాయారు పక్కపక్కన నిలబడ్డారు. ముందు మీరు పట్టుకోండి వదినా అని సత్యవేణి అంది. కాదు, మీ ఇంట్లో చుట్టం ఉన్నారు, ముందు మీరే పట్టాలని మంగతాయారు అంది. కాదంటే కాదనుకున్నారు. పైపు లోంచి నీళ్ళు మట్టిలోకి పోతున్నాయి. ఎంత చెప్పినా వినరేంటని సత్యవేణి ఆవిడ బిందెను పైపు కిందికి తోసింది. మంగతాయారు దాన్ని ఇవతలికి లాగేసింది.

“అంటే నేను నీళ్ళకి మొహంవాచి వచ్చాననా వదినా మీ ఉద్దేశం?”

“నేనలా అన్నానా? మీ బుద్ధిలో ఉంటే నన్నంటారేంటి?”

ముప్ఫై ఏళ్ళుగా ఎవరు ఎవరికి ఎక్కువ పెట్టారో, ఎవరు ఎవరిని ముందు వెళ్ళనిచ్చారో అన్నీ ఆ గట్టుమీద బయటికొచ్చాయి. ఇద్దరూ ఖాళీ బిందెలతోనే చెరో దారిన ఇళ్ళకు వెళ్ళిపోయారు. ట్యాంకరు నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. భావనారాయణ గారు లేచి నిలబడి, గడియారం చూసి, సంఘర్షణ నమోదైనదని ప్రకటించారు. పత్రంలో కారణం అన్న గడిలో ‘తానే ముందు’ అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ‘తమరే ముందు’ అని తన చేత్తో దిద్దారు.

ఆ సాయంత్రం కంచెలోని సందుకు రెండు వైపుల నుంచీ తాటాకులు అడ్డం పడ్డాయి. సత్యవేణి వండిన గుత్తివంకాయ కూర గిన్నె చాలాసేపు ఆ తాటాకు దగ్గరే ఉండి, తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె అన్నం వడ్డిస్తూ మామూలుగా మాట్లాడాలని చూసి, మధ్యలో ఆపేసింది. మద్దిలేటి తల వంచుకుని తిన్నాడు. కథలో పదకొండేళ్ళు మాట్లాడుకోలేదని ఆయన ఒక్క వాక్యంలో రాసి, ఆ వాక్యం బాగా వచ్చిందని సంతోషించాడు. ఒక్క పూట మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు చూస్తున్నాడు.

పొద్దున్నే షామియానాకు వెళ్ళి, గొడవ కూడా అయిపోయింది కదా, ఇక తూము తెరిపించండని బతిమాలాడు. చేలు నెర్రెలిస్తున్నాయని, తన ఊరు దాహంతో అల్లాడుతోందని చెప్పాడు. భావనారాయణ గారు ‘బిందె’ ప్రతిని తెరిచి, ఎర్రగీత గీసిన చోట వేలు పెట్టారు.

“కథ ప్రకారము వీరు పదకొండు సంవత్సరములు మాట్లాడుకొనరాదు. అప్పటివరకు తూము తెరచుట నిబంధనలకు విరుద్ధము. తమరు రాసినదే కదా.”

“పదకొండేండ్లు ఈడనే కూర్చుంటారా సార్?”

“నాకు తొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్నది. మిగిలిన రెండేళ్ళకు పొడిగింపు కోరుదును.”

మద్దిలేటి తిరిగొచ్చి సత్యవేణికి సంగతి చెప్పాడు. ఈ మాట పక్కింట్లో చెప్పమని కూడా అన్నాడు. ముందు ఆవిడ మాట్లాడితే చెబుతానంది సత్యవేణి. పక్కింటికి వెళ్తే మంగతాయారు కూడా అదే అంది. ముందు నేనెలా మాట్లాడతానండీ, ఆవిడే మాట్లాడాలంది. ఇక చేసేదిలేక ఆయన కంచె దగ్గర నిలబడి, భావనారాయణ గారు రాసిచ్చిన ఉత్తర్వు కాపీని క్లాసులో పాఠం చదివినట్టు పెద్దగా చదివాడు.

“పదకొండేళ్ళా,” అంది సత్యవేణి, తాటాకుతో అన్నట్టు.

“మా చేలేమైపోవాలి,” అంది అటునుంచి మంగతాయారు, ఆమె కూడా తాటాకుతోనే.

సత్యవేణి తాటాకు దగ్గరికి జరిగి, “మా గునపం మీ పెరట్లో ఉండిపోయింది వదినా,” అంది.

తాటాకు పక్కకు జరిగింది. గునపంతో పాటు మంగతాయారు కూడా వచ్చింది.

వాళ్ళిద్దరూ తూము వైపు నడుస్తుంటే వెనక ఊరు కదిలింది. కాలువ కాపలా చూసే లస్కరు ఎదురొచ్చి, సీలు తీయడానికి తనకు అధికారం లేదని, తీసేవాళ్ళను చూడకుండా ఉండే అధికారం మాత్రం ఉందని చెప్పి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. గునపం దెబ్బకు లక్క పగిలింది గాని తుప్పుపట్టిన షట్టరు లేవలేదు. ఖాసింపీరా ట్యాంకరు వెనక్కి పెట్టి, తూము దూలం మీదుగా షట్టరుకు మోకు కట్టాడు. మద్దిలేటి చొక్కా చేతులు మడిచి మోకు పట్టుకున్నాడు. బండి ఒక్క ఊపు ఊపి ముందుకు కదిలింది. షట్టరు లేచింది.

కాలువలో షామియానా ఉందన్న సంగతి నీళ్ళు సగం దూరం వెళ్ళాకగాని ఎవరికీ గుర్తు రాలేదు. జనం గట్టు వెంట పరుగెత్తేసరికి కుర్చీలు తేలుతున్నాయి. భావనారాయణ గారు నడుము లోతు నీళ్ళలో, ఫైలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. మంగతాయారు చెయ్యి అందించింది.

“ముందు ఫైలు అందుకొనుడు,” అన్నారాయన.

ఫైలు అందుకుని, తరువాత ఆయన్ను లాగి, తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, వేడి కాఫీ తాగించారు. కాఫీ తాగుతూ ఆయన, ఇది అనధికార ముగింపు అని నెమ్మదిగా అన్నారు. ఇంకో గ్లాసు పోశారు.

మద్దిలేటి మాత్రం నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు ఆయన్ను పట్టించుకోకుండా చేలవైపు పోతున్నాయి. వరసలో నిలబడకుండా ఇన్ని నీళ్ళ దగ్గరికి ఆయన ఎన్నడూ రాలేదు. ఇంటికి ఫోను చేసి, నీళ్ళు వచ్చాయే అన్నాడు. యాడికి అని అడిగింది సుంకులమ్మ. ఆయన కొత్తలంకకు అని చెప్పి ఫోను పెట్టేసి, ఖాసింపీరాను వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే ట్యాంకరు చిన్నగుండాలకు బయలుదేరింది. ఇంత దూరం వచ్చిన బండిని ఖాళీగా ఎలా పంపుతామండీ అని ఆడవాళ్ళు బిందెలతో కాలువనీళ్ళు పోసి నిండా నింపారు. ముందు ఎవరు పోయాలన్న దానిమీద మళ్ళీ కాస్త మాట పెరగబోయింది గాని, ఖాసింపీరా ఇద్దరు వదినల బిందెలూ ఒకేసారి అందుకుని గండం గట్టెక్కించాడు. మద్దిలేటి అతని పక్కన కూర్చుని రెండు రోజులు ప్రయాణం చేశాడు.

అనధికారంగా ముగిసినందుకు మండలి ‘బిందె’ను సస్పెండు చేసింది. వాచకంలో ఆ కథకు కేటాయించిన నాలుగు పేజీలూ ఖాళీగా ఉండకూడదని, వాటిలో మండలి బదిలీ మార్గదర్శకాలను పాఠంగా వేశారు. మద్దిలేటి దాన్ని ఎనిమిదో తరగతికి రెండు వారాలపాటు బోధించాడు. ఆ ఒక్క బండి నీళ్ళ తరువాత, చిన్నగుండాలకు ట్యాంకరు మళ్ళీ మామూలుగా రావడానికి ఇంకో నెల పట్టింది. వరద మాత్రం ఇంకా మంజూరు దశలోనే ఉంది.

ఆ సెలవుల్లో ఆయన ఎనిమిదో కథ రాశాడు. ఇద్దరు స్నేహితురాళ్ళు ముందు మీరంటే ముందు మీరని నీళ్ళ దగ్గర పోట్లాడుకోవడం, ఆ పైన కలిసి తూము పగలగొట్టడం అందులోని కథ. సుంకులమ్మ వేరుశనగకాయలు ఒలుస్తూ మొత్తం విన్నది. రెండుసార్లు ఒలవడం ఆపింది. అయ్యాక, నీళ్ళ కాడ ముందు నువ్వు పట్టుకో అనేవాళ్ళు యాడన్నా ఉంటారా అని అడిగింది. ఆ ఊళ్ళో ఉన్నారని, తాను వాళ్ళ చేతి కూర తిన్నానని మద్దిలేటి చెప్పాడు.

“ఉంటే ఉండనీలే,” అంది సుంకులమ్మ. “ఆ ఊరి పేరే పెట్టు. మన ఊరి పేరు పెట్టినావంటే, ఒక్క ముక్క గూడ నమ్మరు.”